ఎరుపును కొలిచే కళ్ళు, కరడును మరిచిన వేళ్ళు



గత మాసంలో ఒక సాయంత్రం మా వీధికి చెందిన పత్తి రైతు ఒకరు తన కుమార్తెను వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చారు. ఇంటర్మీడియెట్ చదువుతున్న పిల్ల. పది పన్నెండు రోజులుగా దగ్గు. తండ్రి ఒక చేతిలో ఒక ల్యాబ్ రిపోర్టు, మరొక చేతిలో ఆరు నెలల క్షయ మందులకు నాంది పలికే చీటీ ఉన్నాయి. రిపోర్టులో “మాంటూ పరీక్ష: 20 మి.మీ., తీవ్ర పాజిటివ్” అని వ్రాసి ఉంది. “టీబీ అంటున్నారండీ డాక్టరు గారూ, పెళ్ళి కావలసిన పిల్ల” అన్నారాయన. ఆపై మాట రాలేదు.

పిల్ల ముంజేతిని దీపం కిందకు తెచ్చి చూశాను. రూపాయి బిళ్ళంత ఎరుపు స్పష్టంగానే ఉంది. తరువాత కళ్ళు మూసుకొని, చూపుడు వేలి కొసతో ఆ చోటును ఒక వైపు నుంచి మరొక వైపునకు మెల్లగా నిమిరాను. మధ్యలో చిన్న కందిగింజంత గట్టిదనం తగిలింది. కొలిస్తే 4 మి.మీ. ఆ రిపోర్టు ఇచ్చిన వారు కొలిచింది ఎరుపును. కొలవవలసింది దానిని కాదు. కొలవవలసిన దానికి వైద్యశాస్త్రంలో ఒక పేరు ఉంది. ఈనాటి నా వ్యాసం ఆ పేరును గురించి, దానిని మరచిపోయిన మా వృత్తిని గురించి. కొంత కటువుగా వ్రాయబోతున్నాను. నా వృత్తి సోదరులు మన్నించనవసరం లేదు, ఒకసారి తమ చేతివేళ్ళను చూసుకొంటే చాలు.

ఆ పేరు ‘ఇండ్యురేషన్’. సామాన్య సంభాషణలో ఆంగ్లేయులు సైతం వాడని మాట. వైద్యుల కేసు కాగితాలలోను, భూగర్భ శాస్త్రజ్ఞుల పుస్తకాలలోను మాత్రమే కనబడుతుంది. లాటిన్ భాషలో ‘డ్యూరుస్’ అంటే గట్టిది. దాని నుంచి పుట్టిన ‘డ్యూరారే’ అనే క్రియకు రెండు అర్థాలు: గట్టిపరచడం, చిరకాలం నిలవడం. గట్టిది నిలుస్తుంది అన్న ప్రాచీనుల అనుభవం ఆ ఒక్క క్రియలో ఇమిడి ఉంది. మనం నిత్యం వాడే ‘డ్యూరేషన్’, ‘ఎండ్యూరెన్స్’ కూడా ఆ ఇంటి పిల్లలే. మెదడును కప్పి ఉండే బలమైన పొరను ‘డ్యూరా మేటర్’ అంటాము. ‘గట్టి తల్లి’ అని అర్థం. అరబ్బు వైద్యులు దానికి పెట్టుకున్న పేరును లాటిన్ పండితులు అనువదించుకొన్నారు. మరింత వెనక్కు వెళితే, ‘డ్యూరుస్’ మూలం, మన సంస్కృతంలోని ‘దారువు’ మూలం ఒకటేనని భాషాశాస్త్రజ్ఞులు పలువురు చెబుతారు. దారువు అంటే కొయ్య. చేవదేరిన కొయ్య కంటే గట్టిదేదీ ఆ ఆదిమ మానవునికి చేతిలో ఉండేది కాదు కదా.

‘ఇండ్యురేషన్’ 14వ శతాబ్దం చివరిలో ఆంగ్లంలోకి వచ్చింది. వచ్చినప్పుడు అది ముఖ్యంగా పట్టినది చర్మాన్ని కాదు, హృదయాన్ని. హృదయం కఠినమవడం, మంచిమాట వినని మొండితనం దాని తొలినాటి అర్థం. లాటిన్ బైబిలులో ఫరో చక్రవర్తి హృదయ కాఠిన్యాన్ని చెప్పేచోట ఉన్నది ఈ క్రియయే. మా పల్నాడులో గురజాల వైపు మిషనరీలు 19వ శతాబ్ది మధ్యకాలం నుంచీ ఉన్నారు గనుక ఆ కథ తెలిసిన పాఠకులు ఎందరో ఉంటారు. ఆ తరువాతనే ఈ మాట శరీరానికీ, శిలకూ విస్తరించింది.

శిల అంటే మా పిడుగురాళ్లవారికి పాఠం చెప్పనక్కరలేదు. ఊరి పేరులోనే రాళ్ళున్నాయి. సముద్రం అడుగున పేరుకొన్న మెత్తని సున్నపు బురద, పైభారం చేత, ఖనిజాల బంధనం చేత యుగాల తరబడి బిగిసి, మనం ఇవాళ తవ్వే సున్నపురాయి అయింది. భూగర్భ శాస్త్రంలో ఆ బిగువుకు కూడా ఇండ్యురేషన్ అనే పేరు. మా బట్టీలలో జరిగేది దానికి తిరుగు ప్రయాణం. దాదాపు 900 డిగ్రీల వేడిలో రాయి బొగ్గుపులుసు వాయువును విడిచి పొడిసున్నం అవుతుంది. నీరు తగిలితే పొగలు కక్కుతూ తడిసున్నం అవుతుంది. గోడకు పూస్తే గాలిలోని ఆ వాయువునే మళ్ళీ పీల్చుకొని నెమ్మదిగా రాయిగా మారుతుంది. గోడ గట్టిపడిందో లేదో తెలుసుకోవటానికి మా మేస్త్రీలు రంగు చూడరు. గోటితో గీరి చూస్తారు. మేస్త్రీకి తెలిసిన ఈ సంగతి మా వైద్యులకు ఎందుకు తెలియకుండా పోయిందన్నదే నా ప్రశ్న.

తెలుగులో ఈ భావానికి మాటలు తక్కువని ఎవరైనా అంటే నమ్మకండి. నెయ్యి పేరుకొంటుంది, పాకం ముదురుతుంది, సున్నం బిగుస్తుంది, రొట్టె బిరుసెక్కుతుంది, మిరపచేలో పనిచేసిన చేతులు కాయలు కాస్తాయి. వీటన్నిటిలో చర్మం కింద వేలికి తగిలే గట్టిదనానికి సరిపోయే మాట ‘కరడు’. మనం ‘కరడుగట్టిన దొంగ’ అంటాము. లాటిన్‌లో శరీరానికీ హృదయానికీ ఒకే మాట పనిచేసినట్లే తెలుగులోను పనిచేసింది, ఎవరినీ అనువదించకుండానే. పాత కావ్యభాషలో కరడు అంటే అల అని కూడా అర్థం ఉంది. చర్మం మీద లేచిన ఆ చిన్న ఉబ్బును తాకినప్పుడల్లా నాకు ఆ అర్థం కూడా గుర్తుకు వస్తుంది. ఇకమీదట ఈ వ్యాసంలో ఇండ్యురేషన్‌ను కరడు అనే వ్రాస్తాను.

ఇప్పుడు పరీక్ష సంగతి. 1890లో రాబర్ట్ కోఖ్ క్షయ క్రిముల నుంచి ట్యూబర్క్యులిన్ అనే ద్రవాన్ని తీసి, అది క్షయకు మందు అని ప్రకటించాడు. మందుగా అది విఫలమైంది. పరీక్షగా నిలిచింది. 1908లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు చార్లెస్ మాంటూ దానిని చర్మపు పొరలోకే సూదితో ఎక్కించే పద్ధతిని ప్రకటించాడు. ముంజేతి లోపలివైపు 0.1 మిల్లీలీటరు ఎక్కించి, 48 నుంచి 72 గంటల మధ్య చూడాలి. ఒంట్లో ఎప్పుడైనా క్షయక్రిమి ప్రవేశించి ఉంటే, దానిని గుర్తుపెట్టుకొన్న రక్షణ కణాలు ఆ చోటికి గుంపుగా చేరుతాయి. రక్తనాళాలు వెడల్పై చర్మం ఎర్రబడుతుంది. నాళాల నుంచి కారిన ద్రవంలోని ఫైబ్రిన్ అనే పదార్థం వలలాగా అల్లుకొని ఆ చోటును గట్టిపరుస్తుంది. ఎరుపు అనేది రక్తపు రాకపోకల సంగతి. సూది గుచ్చిన చిరాకుకు, గోకినందుకు, లేతచర్మానికి కూడా ఎరుపు వస్తుంది. కరడు మాత్రం జ్ఞాపకమున్న కణాలు వచ్చి చేరాయనడానికి గుర్తు. అందుచేతనే కరడును మాత్రమే, అదీ చేతికి అడ్డంగా, మిల్లీమీటర్లలో కొలవాలని ప్రపంచంలోని ప్రతి వైద్యగ్రంథమూ చెబుతుంది. సాధారణంగా 10 మి.మీ. లేక అంతకు మించితే పాజిటివ్, హెచ్ఐవీ ఉన్నవారిలో 5 మి.మీ.కే పాజిటివ్. ఎరుపు ఎంత ఉన్నా లెక్కలోనికి రాదు.

ఇది ఏదో పడమటి దేశాల చాదస్తమని అనుకోకండి. 1948లో మన దేశంలో బీసీజీ టీకా పని మొదలుపెట్టిన రెండు కేంద్రాలలో ఒకటి ఢిల్లీ, రెండవది మన మదనపల్లె. అక్కడి ఆరోగ్యవరం శానిటోరియం వైద్యుడు యోహన్నెస్ ఫ్రీమోట్-మోలర్ నాయకత్వంలో 1950 నుంచి చుట్టుపక్కల గ్రామాలలో ఇంటింటా ట్యూబర్క్యులిన్ పరీక్షలు జరిగాయి. అరుగుల మీద కూర్చున్న రైతుల, కూలీల, పిల్లల ముంజేతులను వేలితో తడిమి, కరడు అంచులు గుర్తించి, కొలిచి, పుస్తకాలలో వ్రాసుకొన్నారు. విద్యుత్తు లేని ఊళ్ళలో ఆ పని సాగింది. 1975లో సోకాల్ అనే వైద్యుడు మరింత తేలికైన ఉపాయం చెప్పాడు. బాల్‌పాయింట్ పెన్నును చర్మంపై బయటి నుంచి కరడు వైపు మెల్లగా నడిపితే, అంచు దగ్గర పెన్ను ఆగుతుంది. రెండు వైపులా గీసి, ఆగిన చోట్ల మధ్య దూరం కొలిస్తే సరి. పది రూపాయల పెన్ను, ఒక చిన్న స్కేలు ఉంటే చాలు. ఈ రెండూ లేని ల్యాబు గుంటూరు, పల్నాడు జిల్లాలలో ఉన్నదా? మరి ఎందుకు కొలవరు?

ఎరుపును కొలిస్తే నష్టమేమిటని అడిగేవారికి రెండు నష్టాలు చెబుతాను. మొదటిది పై పిల్ల విషయంలో తప్పినది. జబ్బు లేని మనిషి ఆరు నెలలు మందులు మింగడం, అవి కాలేయానికి కలిగించగల హాని, సంబంధాలు కుదరవేమోనన్న తల్లిదండ్రుల దిగులు. అసలు పెద్దవారిలో మాంటూ పాజిటివ్ వచ్చినంత మాత్రాన క్షయవ్యాధి ఉన్నట్లు కానే కాదు. 2019–21 మధ్య జరిగిన జాతీయ సర్వేలో 15 ఏళ్ళు దాటిన భారతీయులలో దాదాపు 31 శాతం మందికి ఒంట్లో క్షయక్రిమి చేరిన ఆనవాలు కనిపించింది. వారిలో అత్యధికులు జబ్బు మనుషులు కారు. క్రిమి ఉండడం వేరు, వ్యాధి ఉండడం వేరు. వ్యాధిని తేల్చవలసింది కళ్ళె పరీక్ష, ఎక్స్‌రే. ట్రూనాట్, సీబీనాట్ వంటి పరీక్షలు ప్రభుత్వ కేంద్రాలలో ఉచితంగా చేస్తున్నారు. రెండు వారాలు నిండని దగ్గుకు మాంటూ వ్రాయడమే అనవసరం, దానిని తప్పుగా చదవడం అపచారం.

రెండవ నష్టం దీనికి విలోమం. దీనిని గురించి ఎవరూ మాట్లాడరు. మన చర్మం నలుపు. ఎండలో పత్తి తీసే, మిరపకాయలు కోసే కూలీ చర్మం మరింత నలుపు. నల్లని చర్మంపై ఎరుపు కనబడదు. కింద 14 మి.మీ. కరడు ఉన్నా, కంటితో చూసేవాడు “ఏమీ లేదు” అని వ్రాసి పంపిస్తాడు. ఇంట్లో తాతకు క్షయ ఉండి, ఒళ్ళో ఆడిన పసివానికి పరీక్ష చేయించినప్పుడు ఈ పొరపాటు జరిగితే? ముందుజాగ్రత్త మందు అందవలసిన బిడ్డకు అందదు. పిల్లలలో క్షయ మెదడు పొరలకు పాకితే ఏమవుతుందో నేను చూశాను, ఇక్కడ వర్ణించను.

నేను నిర్దోషినని చెప్పుకోవటం లేదు. హౌస్ సర్జన్‌గా ఉన్న రోజులలో నేను కూడా ఎర్రని వలయాన్ని దూరం నుంచి చూసి ‘పాజిటివ్’ అని వ్రాసినవాణ్ణే. ఒకనాడు మా ప్రొఫెసరు గారు వార్డులో అందరి ముందు నా కళ్ళకు రుమాలు కట్టించి, “ఇప్పుడు చదువు” అని రోగి చేతిని నా చేతికిచ్చారు. ఆ రోజు సిగ్గుపడ్డాను. తరువాత ఏనాడూ తప్పు చదవలేదు.

కంటిని నమ్మి పేరు పెడితే ఏమవుతుందో చెప్పడానికి ఒక చిన్న కథ. కాలేయం గట్టిపడే జబ్బును ‘సిర్రోసిస్’ అంటాము. ఆ మాటకు గట్టిపడడమని అర్థమని వైద్యులలో కూడా చాలామంది అనుకుంటారు. కాదు. గ్రీకులో ‘కిర్రోస్’ అంటే పసుపుతో కలిసిన గోధుమ వన్నె. 1819లో ఫ్రాన్సు వైద్యుడు లెయినెక్, శవపరీక్షలో కనిపించిన కాలేయపు రంగును బట్టి ఆ పేరు పెట్టాడు. గట్టి కంతికి గ్రీకు పేరు ‘స్కిర్రోస్’, అది వేరే మాట. రెండింటి ధ్వని దగ్గరగా ఉండటం వల్ల లోకం కలిపేసింది. రంగు పేరు పెట్టిన ఆ లెయినెక్కే 1816లో స్టెతస్కోపును కనిపెట్టిన మహానుభావుడు. చివరకు 1826లో క్షయతోనే మరణించాడు. ఆయన పెట్టిన రంగు పేరు మిగిలింది, కానీ వ్యాధి సారం గట్టిదనంలోనే ఉంది.

వేలు మరచిన వైద్యం క్షయ దగ్గరే ఆగితే ఇంత కోపం వచ్చేది కాదు. నోటి సంగతి చూడండి. ముగ్గుమిల్లులో పనిచేసే ఒక వ్యక్తి, నలభై ఏళ్ళవాడు, నాలుక పక్కన పుండుతో వచ్చాడు. మూడు నెలలుగా బీ-కాంప్లెక్సు బిళ్ళలు, పూతమందులు, మౌత్‌వాష్. నలుగురు వైద్యులు టార్చిలైటు వేసి చూశారట. ఒక్కరూ వేలు పెట్టలేదు. చేతికి తొడుగు వేసుకొని పుండు అంచును రెండు వేళ్ళ మధ్య పట్టి చూశాను. ఎండిన సున్నపు గార అంచులాగా ఉంది. మాటలతో పనిలేకుండా ఆ రోజే గుంటూరుకు పంపాను. ముక్క పరీక్షలో క్యాన్సరు అని తేలింది. మొదటి నెలలో తాకి ఉంటే ఆయనకు నాలుక మొత్తం దక్కేది. వేడి చేసి వచ్చిన పుండు మెత్తగా ఉంటుంది, మంట పుడుతుంది, పది పన్నెండు రోజుల్లో మానుతుంది. కరడుగట్టిన అంచు, నొప్పి లేకపోవడం, రెండు మూడు వారాలు దాటినా మానకపోవడం, ఇవి వేరే కుటుంబం. నొప్పి లేదు కదా అని ధైర్యపడే మన అలవాటే ఇక్కడ మనల్ని ముంచుతుంది.

ఇక పుండు లేకుండానే నోరంతా కరడుగట్టే జబ్బు ఉంది. సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. 1952లో ష్వార్ట్జ్ అనే వైద్యుడు కెన్యాలోని భారతీయ సంతతి స్త్రీలలో దీనిని వర్ణించాడు. మొదట కారం తింటే మంట. తరువాత బుగ్గల లోపల తీగలు తీగలుగా బిగువు. చివరకు నోరు తెరుచుకోదు. మొదట్లో పరిశోధకులు మిరపకాయను అనుమానించారు. గుంటూరు మిర్చి మీద పడిన ఆ నింద నిలవలేదు. కారానికి మంట పుట్టడం జబ్బు లక్షణం, ప్రధాన కారణం వక్క. వక్కలోని రసాయనాలు, దానికి తోడయ్యే సున్నపు క్షారం కలిసి బుగ్గల కింది పొరను నారగా మారుస్తాయి. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ 2004లో ప్రచురించిన సంపుటంలో, పొగాకు కలపకపోయినా వక్క క్యాన్సరు కారకమేనని నిర్ణయించింది. గోడమీద బిగిసే సున్నాన్ని తయారుచేసే ఊరివాణ్ణి, బుగ్గలో పెట్టుకొనే సున్నం గురించి ఈ మాట చెప్పే హక్కు నాకుందనుకొంటాను. నిటారుగా పట్టిన మీ మూడు వేళ్ళు మీ నోట్లో పట్టకపోతే, ఆ రోజే దంతవైద్యుణ్ణి కలవండి.

వైద్యమిత్రులు చెప్పే సమాధానం నాకు తెలుసు. “ఓపీలో నూటయాభై మంది, తాకే తీరిక ఎక్కడ?” అంటారు. ముంజేతిపై వేలు నడపటానికి అర నిమిషం పడుతుంది. నాలుక అంచు పట్టి చూడటానికి అంతకంటే తక్కువ. పత్తి వ్యాపారి వందల బస్తాల మధ్య నిలబడి కూడా పింజను రెండు వేళ్ళతో లాగి చూడకుండా ధర చెప్పడు. మిర్చి యార్డులో కొనుగోలుదారు కాయలను గుప్పిట పట్టి నొక్కకుండా బేరం ఆడడు. రంగు చూసి మోసపోవచ్చునని వారికి తెలుసు, ఎందుకంటే మోసపోతే పోయేది వారి డబ్బు. మా విషయంలో పోయేది రోగి డబ్బు. తేడా అంతకంటే మరేమీ లేదనిపించి నాకు ఒక్కోసారి నిద్ర పట్టదు. జ్వరంలో, వాపులో చల్లదనం, వేడి, మెత్తదనం, కాఠిన్యం స్పర్శ చేతనే తెలుసుకోవాలని సుశ్రుత సంహిత ఏనాడో చెప్పింది. పూర్వీకుల ఘనత గురించి వేదికలపై చెప్పే వైద్యులు ఈ ఒక్క వాక్యాన్నయినా ఆచరించవచ్చు కదా!

“ఇవి పాతకాలపు పరీక్షలు, కొత్తవి వచ్చాయి” అని మరికొందరంటారు. వచ్చాయి. సై-టీబీ అనే కొత్త చర్మపరీక్ష ఇటీవలే మన దేశంలో అనుమతి పొందింది. బీసీజీ టీకా ప్రభావం దానిపై ఉండదు, అది నిజంగా మేలైన సంగతి. అందులో కూడా 48 నుంచి 72 గంటల మధ్య కొలవవలసింది కరడునే, 5 మి.మీ. లేక అంతకు మించితే పాజిటివ్. ద్రవం మారింది, వేలు మారలేదు.

కాబట్టి పాఠకులారా, మీకు గాని మీ పిల్లలకు గాని ఈ పరీక్ష చేసినప్పుడు, రిపోర్టు చేతికి తీసుకొనే ముందు అడగండి: కొలిచింది ఎరుపా, కరడా? ఎన్ని గంటలకు చూశారు? ఎన్ని మిల్లీమీటర్లు? ‘పాజిటివ్’ అన్న ఒక్క మాటతో తృప్తిపడకండి, అంకె వ్రాయించుకోండి. నెగెటివ్ వచ్చినా, దగ్గు రెండు వారాలు దాటినా, బరువు తగ్గుతున్నా, సాయంత్రం జ్వరం వస్తున్నా కళ్ళె పరీక్ష మానకండి. పోషణ లేని పిల్లలలోను, రోగనిరోధక శక్తి సన్నగిల్లినవారిలోను జబ్బు ఉండి కూడా కరడు రాకపోవచ్చు.

పై పిల్లకు ఎక్స్‌రే, కళ్ళె పరీక్ష రెండూ బాగున్నాయి. దగ్గు మరో వారంలో తగ్గింది. మందుల చీటీని తండ్రి ఏమి చేశారో నేను అడగలేదు. ఆ రిపోర్టు కాగితంపైనే కింద “కరడు 4 మి.మీ., 52వ గంట” అని వ్రాసి, సంతకం చేసి ల్యాబుకు తిప్పి పంపాను. తగవు వస్తుందనుకొన్నాను. ఆ తరువాతి ఆదివారం, దానిని వ్రాసిన కుర్రవాడే మా ఇంటికి వచ్చాడు. అచ్చువేసిన తమ ఫారం చూపించాడు. అందులో ఎరుపు వ్రాయడానికి గడి ఉంది, కరడు వ్రాయడానికి గడి లేదు. రెండేళ్ళ కోర్సులో ఎవరూ చేయి పట్టుకొని చూపించలేదన్నాడు. లోపలికి రమ్మన్నాను. ముందు రోజు దోమ కుట్టి నా ముంజేతి మీద గట్టి దద్దు ఒకటి లేచి ఉంది, దాని మీదనే మొదలుపెట్టాము. బాల్‌పాయింట్ పెన్ను అతని జేబులోనే ఉంది.